గెనిమ మీది ముళ్ళచెట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత రెండు నెలలలో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఆరు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. తెల్లగా పూసి ఎర్రగా కాసే హాథార్న్ అనే ముళ్ళచెట్టు ఒకటి ఇంగ్లండులో ఉంది. దానిని ఇక్కడ పెంచవచ్చునా, దానికి సాటి వచ్చే చెట్టు మన నేలలో ఉన్నదా, ఉంటే దానిని పోల్చుకోవడం ఎలా అని అడిగారు. విడివిడిగా జవాబులు రాస్తే చెప్పినదే మళ్ళీ చెప్పవలసి వస్తుంది కాబట్టి ఈ సంచిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఉంటుంది. కిందటి సంవత్సరం నేను ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారింట్లో ఉన్నాను. మే నెలలో ఊరి బయట పొలాల కంచెలన్నీ తెల్లటి పూలతో నిండిపోయాయి. నేను తిరిగి వచ్చే వేళకు వాటి నిండా బఠాణీ గింజకంటె కొంచెం పెద్దవైన ఎర్రటి పండ్లు వేలాడుతున్నాయి. దానిని హాథార్న్ అంటారని అమ్మాయి చెప్పింది. పిడికెడు పండ్లు తెచ్చి తిరుపతిలో మా మిద్దె మీద కుండీలలో నాటాను. పది నెలలైనా ఒక్క మొలక రాలేదు. నేను చేసిన పొరపాటు ఏమిటి? ఈ చెట్టు మన తిరుపతిలో పెరుగుతుందా? దీని తెలుగు పేరేమిటి?
ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు చూసిన చెట్టు క్రెటీగస్ అనే ప్రజాతికి చెందినది. ఆపిల్, బేరి, గులాబీ మొక్కల కుటుంబమే దీని కుటుంబం. ఇంగ్లండు పొలాల చుట్టూ కంచెగా ఎక్కువగా కనిపించే జాతి క్రెటీగస్ మోనోగైనా. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాలలో అక్కడి ఉమ్మడి భూములను పంచి హద్దులు వేసినప్పుడు ఈ చెట్టునే వేల మైళ్ళ పొడవున నాటారు. ఆ జాతి పేరులోనే దానిని గుర్తుపట్టే ఉపాయం ఉంది: మోనోగైనా అంటే పువ్వులో కీలం (అండాశయం మీది సన్నని కాడ) ఒక్కటే ఉన్నదని అర్థం, అందువల్ల పండులో గింజ కూడా ఒక్కటే ఉంటుంది. దీని దగ్గరి బంధువైన క్రెటీగస్ లీవిగేటాలో గింజలు రెండో మూడో ఉంటాయి, ఆకు అంచున చీలికలు అంత లోతుగా ఉండవు. మీ దగ్గర ఎండు పండు ఒకటి మిగిలి ఉంటే నానబెట్టి చిదిమి చూడండి, మీరు తెచ్చినది ఏ జాతిదో మీకే తెలుస్తుంది. అలాగే పండు కొనను కూడా చూడండి. జామకాయ అడుగున ఉన్నట్లే అక్కడ ఎండిన రక్షకపత్రాలు చిన్న కిరీటంలాగా నిలిచి ఉంటాయి. ఈ కిరీటం సంగతి రెండో ఉత్తరంలో మనకు మళ్ళీ పనికివస్తుంది.

మొలక రాకపోవడంలో మీ పొరపాటేమీ లేదు. ఆ గింజ చుట్టూ రాయి వంటి పెంకు ఉంటుంది, దాని లోపలి పిండం గాఢనిద్రలో ఉంటుంది. మొదట కొన్ని నెలలు వెచ్చని తడిలో నాని పెంకు మెత్తబడాలి, ఆ తరువాత మూడు నాలుగు నెలలపాటు సుమారు 4 డిగ్రీల చలిలో తడిగా ఉండాలి; అప్పుడుగాని పిండం మేల్కొనదు. వాళ్ళ దేశంలోనే ఆకురాలు కాలంలో చల్లిన గింజ మరుసటి వసంతంలో మొలవక, ఆ పై వసంతానికి, అంటే సుమారు 18 నెలలకు, మొలకెత్తడం మామూలు. జనవరి రాత్రులలో కూడా 15 డిగ్రీల కిందికి అరుదుగా దిగే తిరుపతిలో, ఎండకు కాగే మిద్దె మీద, ఆ గింజకు చలికాలం వచ్చిందన్న కబురే అందదు.

తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో ఉంచి గింజను మొలిపించే పద్ధతి ఉన్నమాట నిజమే. అయినా దానిని మీకు సూచించను. గింజను మోసగించి మొలిపించినా, ఏటేటా చలికాలంలో విశ్రాంతి తీసుకుని మళ్ళీ చిగిర్చే స్వభావం గల చెట్టుకు మనం ఆ విశ్రాంతిని ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వగలం? సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్స్‌లీ కొండ మీద కూడా వారాల తరబడి నిలిచే అంతటి చలి ఉండదు. మన దేశంలో ఈ ప్రజాతి చెట్లు ఉన్నది కాశ్మీరంలోను, హిమాలయ ప్రాంతంలోను మాత్రమే.

ఇంకొక మాట చెప్పక తప్పదు. విదేశాల నుంచి గింజలను, మొక్కలను తేవడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. మీరు తెలియక తెచ్చారు, అందులో దురుద్దేశం లేదు. కాని ఆ నియమం వెనుక బలమైన కారణం ఉంది. ఆపిల్, బేరి తోటలను మాడ్చివేసే ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులుకు హాథార్న్ కూడా ఆశ్రయమిస్తుంది. పైగా కంచె కోసం ఈ చెట్టును తీసుకుపోయిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో పక్షులు పండ్లు తిని గింజలను దూరదూరాలకు చల్లగా అది కలుపుచెట్టుగా మారింది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన సర్కారు తుమ్మ మన చెరువుల్లో, వంకల్లో ఏమి చేసిందో కళ్ళారా చూస్తున్న మనకు ఈ సంగతి వేరే విడమరచి చెప్పనక్కరలేదు. మిగిలిన గింజలను కాల్చివేయండి, కుండీలలోని మట్టిని మామూలు పూలమొక్కలకు వాడకుండా ఎండలో బాగా కాగనివ్వండి.

దానికి తెలుగు పేరు లేదు, ఎందుకంటే ఆ చెట్టు మన మధ్య పుట్టలేదు. కాని పొలం గట్టున ముళ్ళతో నిలబడి, ఎర్రటి చిన్న పండ్లు కాసి, పిట్టలకు తిండి పెట్టి, పశువులను ఆపే చెట్టు కావాలన్నదే మీ మనసులోని కోరిక అయితే, అది మీకు పది మైళ్ళ లోపలే ఉంది. దాని పేరు కానరేగు. తరువాతి ఉత్తరం ఆ చెట్టు గురించే.

ప్రశ్న: మా చేని గెనిమ (గట్టు) మీద రెండు నిలువుల ఎత్తున్న ముళ్ళచెట్టు ఒకటి ఉంది. వేసవిలో ముదురు ఎర్రటి పండ్లు కాస్తుంది. మా నాయన దానిని కానరేగు అనేవాడు. మా ఊళ్ళో ఒకరు పరికి అంటారు, ఇంకొకరు కలివి అంటారు, మంగచెట్టు కాబట్టి పిల్లలను తిననీయవద్దని మరొకరు భయపెట్టారు. కొమ్మను, పండ్లను పంపుతున్నాను. నిజమేదో తెలిసేటట్లు గుర్తులు చెప్పగలరు.
ఒక రైతు, చంద్రగిరి మండలం

జవాబు: మీరు పాత దినపత్రికలో చుట్టి పంపిన కొమ్మ, పండ్లు చేరాయి. పండ్లలో మూడు దారిలో నలిగిపోయినా రెండు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని చూశాక మీ నాయనగారి మాటే నిజమని సందేహం లేకుండా రాస్తున్నాను. మీది కానరేగు, శాస్త్రజ్ఞుల పేరు ఫ్లకూర్షియా ఇండికా. పేరులో రేగు ఉన్నా రేగు కుటుంబానికి చెందినది కాదు. హాథార్న్‌కు అసలే చుట్టం కాదు. ఇప్పటి వర్గీకరణలో దీనిని విల్లో చెట్ల కుటుంబంలో చేర్చారు. సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కలను వర్ణించిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ పద్దెనిమిదో శతాబ్దం చివర దీనిలోని పొదరూపానికి ఫ్లకూర్షియా సెపియేరియా అని పేరు పెట్టాడు. సెపియేరియా అంటే కంచెకు సంబంధించినది అని అర్థం. మన రైతులు అప్పటికే దీనిని కంచెచెట్టుగా ఎరుగుదురని ఆ పేరును బట్టి నాకనిపిస్తుంది.

ఇక గుర్తులు. మీరు పంపిన పండు గోళీకాయంత ఉంది, రంగు నేరేడుపండు కన్న ఎర్రన, తోలు నున్నగా మెరుస్తున్నది. దాని కొనను భూతద్దం కింద పెట్టి చూశాను. అక్కడ కిరీటం లేదు. దానికి బదులు ఆవగింజ కన్న చిన్నవైన నల్లటి మొనలు ఏడు, గుండ్రంగా కూర్చున్నట్లు ఉన్నాయి. అవి పువ్వులోని కీలాలు ఎండిపోగా మిగిలిన శేషాలు. కానరేగును తప్పకుండా పట్టించే గుర్తు ఇదే. అడ్డంగా కోసినప్పుడు పసుపు కలిసిన ఎర్రటి గుజ్జులో బల్లపరుపుగా ఉన్న గింజలు తొమ్మిది కనిపించాయి. ఇవి ఐదు నుంచి పది దాకా ఉండవచ్చు. రేగులోనైనా దాని చుట్టమైన పరికిలోనైనా నడుమ ఒక్క గట్టి టెంక మాత్రమే ఉంటుంది కాబట్టి, ఒక పండును కోస్తే చాలు, ఆ తగవు అక్కడికక్కడే తీరిపోతుంది.

పండు లేని కాలంలో ముల్లును, ఆకును చూడాలి. కానరేగు ముల్లు మారిన కొమ్మ. ఆకు చంకలో నుంచి తిన్నగా పొడుచుకు వస్తుంది, ఒక్కొక్కసారి ఆ ముల్లు మీదనే చిన్న ఆకులు, పూలు కూడా కనిపిస్తాయి. మీ కొమ్మలో కింది నుంచి నాలుగో ముల్లు మీద ఒక చిట్టి ఆకు ఉంది, మీరు గమనించారో లేదో. లేత వయసులో మాను మీద కూడా ముళ్ళు ఉంటాయి. రేగు, పరికి ముళ్ళు కొమ్మలు మారి ఏర్పడినవి కావు. ఆకు కాడ మొదట ఉండే పత్రపుచ్ఛాలు మారి అలా అయ్యాయి. రేగులో అవి తరచుగా జంటగా, ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా వంగి ఉంటాయి. బట్టకు తగులుకుని వెనక్కి లాగేది ఆ కొక్కెమే. కానరేగు ముల్లు గుచ్చుకుంటుంది గాని అలా తగులుకోదు. ఆకుల విషయానికి వస్తే, కానరేగు ఆకులు కొమ్మకు ఒకటి ఇటు ఒకటి అటుగా ఉంటాయి, అంచున మొద్దుబారిన రంపపు పళ్ళు ఉంటాయి, కొన గుండ్రంగా ఉంటుంది, చిగురు ఎర్రగా వస్తుంది. రేగు జాతులలో ఆకు మొదటి నుంచే మూడు పెద్ద ఈనెలు స్పష్టంగా బయలుదేరుతాయి.

కలివిని గుర్తుపట్టడానికి గోరు చాలు. ఆకు తుంచగానే తెల్లని పాలు కారితే అది కలివి, లేదా దాని పెద్దక్క వంటి వాక. వాటి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, పూలు మల్లెలను తలపిస్తూ పరిమళిస్తాయి. ఈ పొదల మధ్య బ్రతికే పిట్ట కాబట్టే, కడప జిల్లాలో 1986లో మళ్ళీ కనిపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన ఆ అరుదైన పక్షిని మనవాళ్ళు కలివికోడి అన్నారు. బలుసును మీవాళ్ళు పేర్కొనకపోయినా చెబుతాను, ఎందుకంటే చంద్రగిరి చుట్టుపక్కల గుట్టలలో అదీ ఉంది. బ్రతికుంటే బలుసాకు తినవచ్చు అని మన పెద్దలు చెప్పిన బలుసు అదే. దాని ఆకులు, ముళ్ళు రెండూ ఎదురెదురుగా ఉంటాయి. పండు పసుపు పచ్చగా, నడుమ నొక్కినట్లుగా, రెండు గింజలతో ఉంటుంది.

మంగచెట్టు గురించి మిమ్మల్ని హెచ్చరించినవారిని తప్పుపట్టవద్దు. మీ చెట్టు విషయంలో వారి మాట సరికాదు గాని, ఆ జాగ్రత్త మాత్రం మంచిదే. మంగకాయను చితక్కొట్టి నీటిలో కలిపితే చేపలు మత్తెక్కి తేలిపోతాయి, మనిషి తింటే వాంతులవుతాయి. అది నిమ్మకాయంత పెరిగి పసుపు రంగుకు తిరుగుతుంది. దాని కొనమీద జామకాయకున్నట్లు, హాథార్న్‌కున్నట్లు రక్షకపత్రాల కిరీటం ఉంటుంది. అందుకే పిల్లలకు నేనొక మాట నేర్పుతుంటాను: ముళ్ళపొద మీద కిరీటమున్న కాయ కనిపిస్తే ముట్టుకోవద్దు. ఏ పండునైనా రుచి చూసి గుర్తుపట్టే అలవాటు మాత్రం పెద్దలకైనా వద్దు.

మీ పండ్లను పిల్లలు నిశ్చింతగా తినవచ్చు. బాగా పండినదానిని రెండు వేళ్ళ నడుమ తోలు పగలకుండా మెల్లగా దొర్లించి మెత్తబరిచి తింటే వగరు తగ్గి తీపి తెలుస్తుంది.

ప్రశ్న: పదేళ్ళ క్రితం మా పెద్దమ్మ వాళ్ళ ఊరి నుంచి కానరేగు మొక్క తెచ్చి ఇంటి వెనుక పెంచాము. నాలుగేళ్ళుగా నిండుగా పూస్తున్నది, ఒక్క కాయ కూడా నిలవలేదు. ఎరువులు వేసి చూశాము. కొట్టివేయమంటున్నారు.
ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: దయచేసి కొట్టివేయకండి. కానరేగులో మగచెట్టు, ఆడచెట్టు సాధారణంగా వేరువేరుగా ఉంటాయి. బొప్పాయిలో ఈ సంగతి మనందరికీ తెలుసు గాని అడవిచెట్ల విషయంలో మరచిపోతాము. ఈ పూలకు ఆకర్షక పత్రాలే ఉండవు కాబట్టి దూరం నుంచి రెండూ పసుపు పచ్చని పొడిలాగే కనిపిస్తాయి. ఒక పూగుత్తిని తెల్లకాగితం మీద దులిపి చూడండి. పువ్వు నిండా సన్నని కేసరాలు కుచ్చులాగా ఉండి, కాగితం మీద పుప్పొడి రాలితే అది మగచెట్టు. ఎన్ని ఎరువులు వేసినా కాయదు. పువ్వు నడుమ చిన్న పచ్చని బుడిపె, దాని మీద నక్షత్రంలా విచ్చుకున్న కీలాగ్రాలు కనిపిస్తే అది ఆడచెట్టు. దానికి కావలసినది దగ్గరలో ఒక మగచెట్టు.

ఈ విషయం నాకు పుస్తకం వల్ల కాదు, అనుభవం వల్ల తెలిసింది. మా పెరట్లో స్థలం తక్కువని ఒకే మొక్క నాటాను. ఆరో ఏట అది పూసిన రోజున ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. మూడేళ్ళు కాయకోసం ఎదురుచూసిన తరువాత పువ్వును విప్పి చూస్తే అన్నీ కేసరాలే. దానిని తీసివేయలేదు. వీధి చివరి ఖాళీ స్థలంలో, యజమాని అనుమతితో, మరి నాలుగు మొక్కలు నాటాను. వాటిలో రెండు ఆడవి అయ్యాయి, ఇప్పుడు ఆ రెండూ కాస్తున్నాయి. మీ చెట్టు మగదైతే దానికి చుట్టుపక్కల మరి మూడు నాలుగు నాటండి, లేదా తెలిసిన ఆడచెట్టు నుంచి గాలి అంటు కట్టిన మొక్కను తెచ్చుకోండి. అప్పుడు ఏళ్ళ తరబడి సందేహంతో ఎదురుచూడనక్కరలేదు.

ప్రశ్న: చిత్తూరులో ఒక నర్సరీలో ‘ఇండియన్ హాథార్న్’ అని చీటీ కట్టిన మొక్కను, ఇది మన దేశపు చెట్టే అని చెప్పి అమ్మారు. నిజమేనా?
ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కాదు. ఆ మొక్క రాఫియోలెపిస్ ఇండికా. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దానికి క్రెటీగస్ ఇండికా అని పేరు పెట్టాడు, ఆ పాత పేరే ఈ పొరపాటుకు మూలం. దాని పుట్టినిల్లు దక్షిణ చైనా, జపాన్, వియత్నాం వంటి తూర్పు దేశాలు. గులాబీ రంగు కలిసిన తెల్లని పూలతో అందంగా ఉండే పొద అది, దానికి ముళ్ళు కూడా ఉండవు. కుండీలో పెంచుకోండి, అందులో తప్పులేదు. మన చెట్టని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఇండికా అన్న మాట ఉన్నంత మాత్రాన ఏ మొక్కా మనదైపోదు. ఆనాటి ఐరోపావారికి ఇండియా అంటే తూర్పు దిక్కున ఉన్న దేశాలన్నీ అన్నంత విశాలమైన అర్థం ఉండేది.

ప్రశ్న: హాథార్న్ గుండెకు మంచిదని మందుబిళ్ళలు అమ్ముతున్నారు. కానరేగు పండ్లు కూడా అలాగే పనిచేస్తాయా?
ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: రెండు చెట్లకూ బంధుత్వం లేదని పైన రాశాను, ఒకదాని గుణాన్ని ఇంకొకదానికి అంటగట్టడానికి ఏ ఆధారమూ లేదు. హాథార్న్ ఆకులను, పూలను, పండ్లను ఐరోపాలోను, చైనాలోను తరతరాలుగా వైద్యంలో వాడుతున్నారు. అయినా గుండెజబ్బుకు మందులు వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా ఆ బిళ్ళలు మింగడం ప్రమాదం, ముఖ్యంగా డిగాక్సిన్ వాడేవారికి. కానరేగును పండుగా తినండి, మందుగా తలచవద్దు.

ప్రశ్న: మాకు పలమనేరు దగ్గర మూడెకరాల ఎర్ర గరుసు నేల ఉంది. ఇనుపకంచెకు అయ్యే ఖర్చు భరించలేము. చుట్టూ కానరేగును కంచెగా పెంచాలని మా ఇంట్లో అనుకుంటున్నాము. విత్తనం ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు నాటాలి, అడవి పందులను, ఏనుగులను ఆపుతుందా? తిరుమల కొండల్లో మొక్కలున్నాయంటున్నారు, తవ్వి తెచ్చుకోవచ్చునా?
ఒక రైతు దంపతులు, పలమనేరు

జవాబు: చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను: తవ్వి తేవద్దు. శేషాచలం కొండలలో చాలా భాగం శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానంలోను, 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ కేంద్రంలోను ఉంది. అక్కడి మొక్కను పెకలించడం నేరం. నేరం కాకపోయినా అది దండగ పనే. రాళ్ళ మధ్య లోతుగా దిగిన తల్లివేరు తెగిన కానరేగు మొక్క సాధారణంగా బ్రతకదు. మీ మండలంలోనే పాత బండ్లబాటల పక్కన, గుడి మాన్యాల గట్ల మీద, చెరువు కట్టల వెనుక వెతకండి. మేకలు కాసే పెద్దలను అడిగితే ఏ చెట్టు తియ్యగా కాస్తుందో, ఏది వగరో కూడా చెబుతారు. అదే మీ నేలకు, మీ ఎండకు అలవాటుపడిన విత్తనం. ఒక్క చెట్టు నుంచి కాకుండా ఐదారు చెట్ల నుంచి పండ్లు సేకరించండి.

చెట్టు మీదనే బాగా మాగిన పండ్లను కోసి, రెండు రోజులు నీడన ఉంచి, నీటిలో పిసికి గుజ్జు పోయేదాకా కడగండి. గింజలను నీడలోనే ఆరబెట్టి, నిలవ పెట్టకుండా ఆ నెలలోనే చల్లండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన దిబ్బ ఎరువు ఒక పాలు కలిపి పాలిథిన్ సంచులలో నింపి, వేలిగోరంత లోతున సంచికొకటి చొప్పున కాక మూడేసి గింజలు వేయండి. మొలకలన్నీ ఒకేసారి రావు. కొన్ని మూడు నాలుగు వారాలకు వస్తే, కొన్ని అంతకు రెట్టింపు కాలం తీసుకుంటాయి. కాబట్టి మొదటి నెలలో మొలవని సంచులను పారబోయకండి. రెండు జతల ఆకులు వేసిన తరువాత బలమైనదానిని ఉంచి మిగతావి తీసి వేరే సంచులలో పెట్టండి.

నారు ఒక ఏడాది సంచిలో పెరిగి మోకాలెత్తు కావాలి. అంతకంటె చిన్నదానిని పొలంలో పెడితే మొదటి వేసవికే పోతుంది. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలకు నైరుతి వానలకన్న అక్టోబరు, నవంబరులలో వచ్చే ఈశాన్య వానలు నమ్మదగినవి కాబట్టి, ఆగస్టు చివర గుంతలు తీసి సెప్టెంబరులో నాటండి. అప్పుడు వేరు దిగేదాకా నేలలో తడి ఉంటుంది. గుంత మూరెడు లోతు, మూరెడు వెడల్పు చాలు. కంచె కోసం మీటరు దూరాన ఒకటి చొప్పున రెండు వరుసలు, రెండో వరుసలోని మొక్క మొదటి వరుసలోని సందుకు ఎదురుగా వచ్చేటట్లు నాటండి. పండ్ల కోసం నాలుగైదు చెట్లను విడిగా పెంచాలనుకుంటే వాటి నడుమ ఐదు మీటర్లు వదలండి. మొదటి రెండు వేసవులు మాత్రం వారానికొకసారి ఒక్కొక్క మొక్కకు బిందెలో సగం నీళ్ళు పోయాలి, మొదట్లో ఎండుగడ్డి కప్పాలి. ఆ తరువాత అది తన నీళ్ళు తానే వెతుక్కుంటుంది.

మొదటి మూడేళ్ళు దీని శత్రువు ఎండ కాదు, మేక. ముళ్ళు గట్టిపడని లేత కొమ్మలను మేక ఒక్క పూటలో కొరికివేస్తుంది. అందుకని చుట్టూ ఎండు కంప వేయక తప్పదు. ఈ చెట్టు పెరుగుదల నెమ్మది. ఐదారేళ్ళు ఓపిక పట్టలేని వారికి ఇది తగిన కంచె కాదు. ఓపిక పట్టగలిగితే, తరువాత తరం దాకా దానిని మళ్ళీ వేయనక్కరలేదు.

అడవి పందుల విషయంలో ఆశపెట్టను, నిరాశపరచను. పంది పైనుంచి దూకదు, కింద సందు చూసి దూరుతుంది. కాబట్టి కంచెను కింద నుంచే చిక్కగా అల్లుకునేటట్లు చేయడంలోనే అంతా ఉంది. మొక్క నడుమెత్తుకు రాగానే తల తుంచండి, పక్క కొమ్మలు వచ్చిన తరువాత వాటి కొనలు కూడా తుంచండి. చేతికి అందే పొడవైన కొమ్మలను నరికివేయకుండా పక్క మొక్క వైపుకు వంచి తాటినారతో కట్టండి. వంగిన కొమ్మ పొడవునా కొత్త చిగుళ్ళు నిలువుగా లేస్తాయి, అవి ముదిరి ముళ్ళతో నిండిపోతే కుక్క కూడా దూరలేదు. ఎక్కడైనా మొక్క చచ్చి సందు పడితే పక్కదాని కింది కొమ్మను మట్టిలోకి వంచి, నేలకు తగిలే చోట బెరడును కొంచెం గీసి, పైన రాయి పెట్టి అంటు తొక్కండి. వేరు పట్టిన తరువాత కోస్తే ఆ సందులో కొత్త మొక్క సిద్ధంగా ఉంటుంది. కౌండిన్య అభయారణ్యం వైపు నుంచి వచ్చే ఏనుగులను మాత్రం ఏ ముళ్ళకంచె ఆపలేదు. వాటి కోసం అటవీశాఖ వారితో మాట్లాడవలసిందే.

కొనలు తుంచే పనిని కాపు అయిపోయిన తరువాత, తొలకరి వానలు పడుతున్నప్పుడు పెట్టుకోండి. పూతకు ముందు తుంచితే ఆ ఏడు పండ్లు పోతాయి. కంచె పొడవునా ప్రతి పది మొక్కలకు ఒకదానిని తల తుంచకుండా చెట్టుగా ఎదగనివ్వండి. పిగిలి పిట్టలు, గోరింకలు, కోకిలలు ముందుగా వాలేది వాటి మీదనే, పుప్పొడిని మోసే తేనెటీగలకు కనిపించేదీ ఆ ఎత్తైన కొమ్మలే. ఏవి మగవో ఏవి ఆడవో తేలేది మొదటి పూత నాడే కాబట్టి, అప్పటిదాకా ఏ ఒక్కదానినీ తీసివేయవద్దు. పూసిన రోజున మగవాటి మొదట్లో ఒక గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టుకోండి, తరువాత అంటు తొక్కడానికి ఆడచెట్టు కొమ్మనే ఎంచుకోవచ్చు.